తాళంచెవి పక్కన ఒకసారి, అట్లకాడ పక్కన ఒకసారి

మా ఫ్యాక్టరీ కార్మిక సంఘం ఎన్నికల్లో ఒకసారి నా పేరు ఒకే బ్యాలెట్ కాగితం మీద రెండుచోట్ల అచ్చయింది. పైన తాళంచెవి గుర్తు పక్కన ఒకసారి, కింద అట్లకాడ గుర్తు పక్కన ఇంకోసారి. ప్రూఫు చూడడానికి ప్రెస్సుకు వెళితే అక్కడి ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, పొరపాటున నీ పేరు రెండుసార్లు పడినట్టుండాది. కింది దాన్ని తీసేద్దునా?" అన్నాడు.

"అయ్యో, వద్దు నాయనా! ఆ కింది దానికోసమే కదా నెల రోజులుగా ఈ గోలంతా!" అని అరిచాను. ప్రెస్సులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ రోజులు తలుచుకుంటే నాకు నవ్వు ఆగదు. పప్పు తాలింపు పెడుతూ నవ్వుతుంటే మా కోడలు వంటింట్లోకి తొంగిచూసి పోతుంది. మీలాంటి పిల్లలు కొత్తగా పనుల్లో చేరి, "చిన్న గుంపులో ఉంటే ఏమొస్తుంది పెద్దమ్మా, గెలిచే గుంపులో చేరిపోతే పోదా?" అని అడుగుతుంటారు. వాళ్ళకోసమే ఇది చెబుతున్నాను. కొంచెం ఓపిగ్గా వినండి.

మాది రేణిగుంట దగ్గర అట్టపెట్టెల ఫ్యాక్టరీ. మామిడి రసం సీసాలకు, బిస్కెట్లకు, చెప్పులకు పెట్టెలు చేసేవాళ్ళం. ఒక పక్క అట్టకు అలలు పోసే పెద్ద మిషను. ఇంకో పక్క తీగతో పెట్టెలు కుట్టే మిషన్లు. వెనకాల రేకుల షెడ్డులో గంజితో అంచులు అతికించే పేస్టింగ్ సెక్షను. అందులో అందరం ఆడవాళ్ళమే. నేను అక్కడ పాతికేళ్ళు పనిచేశాను. చీరకు, జుట్టుకు, చివరికి పెళ్ళికి కట్టుకుపోయిన పట్టుచీరకు కూడా ఆ గంజి వాసన వదిలేది కాదు.

మా సెక్షనులో సగం మందికి పైగా పాకాల పక్కనుంచి వచ్చేవాళ్ళం. పొద్దున రైల్లో రావడం, సాయంత్రం రైల్లో పోవడం. సాయంత్రం రైలే మాకు బతుకు. దాంట్లోనే చిక్కుడుకాయలు ఒలుచుకునేవాళ్ళం, కొత్త కోడళ్ళ కబుర్లు చెప్పుకునేవాళ్ళం, కాళ్ళు చాపుకుని ఒక కునుకు తీసేవాళ్ళం.

సంఘంలో రెండు పెద్ద వర్గాలు. ఒకటి గంట గుర్తు వాళ్ళది. వాళ్ళ నాయకుడు స్టోర్సు చూసేవాడు, అందుకని స్టోర్సాయన అనేవాళ్ళం. ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాడు కాడు. రెండోది తాళంచెవి గుర్తు. వాళ్ళ నాయకుడు పెద్ద మిషను నడిపేవాడు. ఆయన్ని పెద్ద మిషనాయన అనేవాళ్ళం. మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది, మనసు మంచిదే గానీ మతిమరుపు జాస్తి. ఇచ్చిన మాట మర్చిపోవడంలో ఆయనకు ఆయనే సాటి.

మేము మూడో గుంపు. పేస్టింగు ఆడవాళ్ళం, మాతో కలిసొచ్చిన కుట్టు మిషన్ల వాళ్ళు కొందరు. పేరు ఆలస్యంగా నమోదు చేయించుకున్నందువల్ల మాకు మిగిలినవి రెండే గుర్తులు. అట్లకాడ, ఎలుకల బోను. ఏది కావాలో ఇప్పుడే చెప్పమంటే ఏం తోచక అట్లకాడ అనేశాను. మావాళ్ళు, "దోసెలు తిప్పేదాన్ని దోసె గరిటె అనకుండా అట్లకాడ అంటే యెవురికి తెలుస్తాది?" అని నన్ను దులిపేశారు.

ముందటి ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నేను నిలబడ్డాను. ఓడిపోయాను. అందులో వింతేం లేదు. వింతంతా తరవాత వచ్చింది. గంట వాళ్ళు తాళంచెవి వాళ్ళమీద చాలా కొద్ది తేడాతో గెలిచారు. ఆ తేడా మాకు పడిన ఓట్లకన్నా తక్కువ. దాంతో తాళంచెవి మగవాళ్ళు మా మొహం చూడడం మానేశారు. క్యాంటీనులో ఒక రోజు పెద్ద మిషను దగ్గర పనిచేసే ఒకాయన, నేను బెంచీ మీద కూర్చోగానే తన పళ్ళెం తీసుకుని లేచాడు. పోతూ పోతూ, "మీరు నిలబడకుండా ఉంటే మేమే గెలిచుండేవాళ్ళం. ఓట్లు చీల్చి గంటోళ్ళకు పీట వేస్తిరి!" అన్నాడు.

నా పక్కనున్నది సత్యవేడు అక్క. ఊరు సత్యవేడే గానీ కాపురం రేణిగుంటలోనే. మాటల్లో సగం అరవం కలిసేది, కోపం వస్తే మిగతా సగం కూడా అరవమే. "ఏంప్పా! నిలబడేదానికి మీ పర్మిషన్ కావల్లా? ఓటేమి మీ తాత తోట్లో కాసిందా?" అని పళ్ళెం మీద చెయ్యి కొట్టింది. సాంబారు నా మీద పడింది.

అయితే ఆయన మాటలో నిజం లేకపోలేదు. గెలిచిన స్టోర్సాయన ఏడాది తిరగకముందే మేనేజ్‌మెంటుతో కూర్చుని షిఫ్టు సమయం జరపడానికి ఒప్పేసుకున్నాడు. కొత్త సమయం ప్రకారం మేము గేటు దాటేసరికి మా పాకాల రైలు వెళ్ళిపోయి ఉండేది. కంపెనీ బస్సు తిరుపతి దాకానే. ఆపైన ఆటోలు, బస్సులు మారి ఇల్లు చేరేసరికి పిల్లలు అన్నం తినకుండానే నిద్రపోయేవాళ్ళు. దామలచెరువు నుంచి వచ్చే ఒక చంటిబిడ్డ తల్లి పని మానేసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. సాయంత్రం ముందే వెళ్ళిపోయేవాళ్ళను తీసేస్తామని నోటీసు కూడా పెట్టారు. పాకాల దాకా బస్సు వేయమని అడిగితే స్టోర్సాయన చొక్కా మడత సర్దుకుని, "ఆ పక్క వచ్చేది యెంతమంది మే? పిడికెడు మందికి బస్సా?" అన్నాడు.

చూశారా మా చిక్కు. విడిగా నిలబడితే ఓట్లు చీలి, మనకు చెడు చేసేవాడు గెలుస్తాడు. నిలబడకుండా పెద్ద గుంపులో కలిసిపోతే మనం ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఎటు పోయినా తిరుపతి బస్టాండులో నిలబడి ఆటోకోసం చేతులూపడమే.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. నోటిఫికేషను పడిన మర్నాడే పెద్ద మిషనాయన మిక్చరు పొట్లాలు పట్టుకుని పేస్టింగు షెడ్డులోకి వచ్చాడు. ఆయన అటు రావడం అదే మొదలు. గంజి మీద కాలు జారి నా టేబులు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఈసారి మీరు నిలబడొద్దు మే. అందురూ నాకే వేయండి. గెలిస్తే పాకాలకు బస్సు. ఇది నా మాట," అన్నాడు.

సత్యవేడు అక్క మిక్చరు నములుతూ, "పోయిన దీపావళికి షెడ్డుకు ఫ్యాన్లు తెప్పిస్తామంటిరి. అదీ మాటే గదా సార్?" అంది.

ఆయన తలెత్తి రేకుల వైపు చూశాడు. ఫ్యాను లేదు. "ఇది వేరే," అన్నాడు.

అప్పుడు కుట్టు మిషను ఆపి భాయ్ వచ్చాడు. చిత్తూరు టౌను మనిషి. వాళ్ళ నాయన బుక్ బైండింగు చేసేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, మిషను మొరాయిస్తే రెండూ కలిపి తిట్లు. ఎప్పుడూ నవ్వు మొహమే.

"సార్, ఒక మాట," అన్నాడు భాయ్. "మేమంతా మీకే వేస్తాం. గెలుస్తారు. రేపు మేమొచ్చి బస్సు అడిగితే మీరేమంటారు? నన్ను చూసి వేసినారు గానీ బస్సును చూసి వేసినారా అంటారు. యే ఓటు బస్సుకోసం పడింది, యే ఓటు మీ మీసం చూసి పడింది, యెట్ల తెలుస్తాది?"

"తెలిసేది యెట్లబ్బా? ఓటుకు నోరుంటాదా?"

"ఉంటాది సార్. మీ పేరునే మేం కూడా పెడతాం. మీ తాళంచెవి పక్కన మీ పేరు ఉండనే ఉంటాది. మా అట్లకాడ పక్కన కూడా మీ పేరే. మావోళ్ళు అట్లకాడ మీద గుద్దుతారు. రెండూ విడివిడిగా లెక్కపెట్టి కూడితే అన్నీ మీ ఓట్లే. కానీ బస్సు కోసం యెన్ని పడినాయో మీకూ తెలుస్తాది, మాకూ తెలుస్తాది, మేనేజరుకూ తెలుస్తాది."

నాకు మెల్లగా అర్థమయింది. అర్థమయ్యే కొద్దీ ఒళ్ళంతా గిలిగింతలు పెట్టినట్టయింది. పెద్ద మిషనాయనకు మాత్రం ఒకటే అర్థమయింది.

"అట్లకాడ పక్కన నా పేరా? నేను పెద్ద మిషను ఆపరేటర్నబ్బా! మా ఆడామె చూస్తే రేపట్నుంచి దోసెలు నన్నే పోయమంటాది!"

నవ్వులకు పక్క సెక్షను వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

ఇలా చేయొచ్చా అన్నది తేల్చాల్సింది ఎన్నికల సారు. కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. తిరుపతి నుంచి గొడుగు పట్టుకుని వచ్చేవాడు. మూడు వర్గాల వాళ్ళనూ పిలిచి కూర్చోబెట్టి సంఘం నియమాలు చదివాడు. మళ్ళీ చదివాడు. తల పైకెత్తినప్పుడు ఆయన మొహం కొత్త బొమ్మ దొరికిన పిల్లవాడిలా ఉంది.

"ఒక సభ్యుణ్ణి ఒక్క వర్గమే నిలబెట్టాలని మీ నియమాల్లో యాడా లేదయ్యా! సర్కారు ఎన్నికల్లో ఇది కుదరదు, ఆడ ఒక మనిషికి ఒకటే గుర్తు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో మాత్రం చిన్న పార్టీలు ఇట్లనే బతుకుతా ఉండాయంట. నా సర్వీసులో ఒక్కసారన్నా సూస్తానని అనుకోలేదు!"

స్టోర్సాయన కుర్చీలోంచి లేచాడు. "ఇదేమన్నా పెండ్లా సార్, రెండిండ్ల నుంచి పత్రికలు కొట్టేదానికి?"

"అదే కదప్పా," అన్నాడు భాయ్ తాపీగా. "పెండ్లికొడుకు ఒకడే. పత్రికలు రెండు."

ఎన్నికల సారు అందరిముందూ పద్ధతి ఖాయం చేశాడు. ఒక పదవికి ఒక్కచోటే ముద్ర వేయాలి. ఎవరైనా ఒకే మనిషి పేరు మీద రెండుచోట్లా వేస్తే ఆ మనిషికి ఒక్క ఓటుగానే లెక్క, ఏ గుర్తు ఖాతాలోకీ పోదు. ముందు గుర్తులవారీగా చదువుతారు, తరవాత కూడతారు. స్టోర్సాయన కూడా సంతకం పెట్టాడు. అట్లకాడ మీద గుద్దేవాళ్ళు ఎవరుంటార్లే అని ఆయన ధీమా.

మేము ఊరికే ఇవ్వలేదు. మా గుర్తు పక్కన మీ పేరు పెడతాం, మీ గుర్తు పక్కన మా మనిషిని సహాయ కార్యదర్శిగా పెట్టండి అన్నాం. ఆ మనిషిని నేనే. దానిమీద తాళంచెవి వాళ్ళ మీటింగు జరిగింది. అరుపులు గోడ ఇవతలికి వినబడ్డాయి. పోయినసారి ఓట్లు చీల్చినామె పేరు మన గుర్తు పక్కనా అని కొందరు కుర్చీలు జరిపి బయటికొచ్చేశారు. చివరికి పెద్ద మిషనాయన గొంతే గెలిచింది. ఆ గొంతు ముందు పెద్ద మిషనే ఆగేది కాదు.

ఇక ప్రచారం. ఆ రోజుల గురించి ఏం చెప్పమంటారు! మొదటి రోజు మా ఆడవాళ్ళంతా ఇళ్ళనుంచి అట్లకాడలు తెచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బ్యాగులు తెరిచి చూసి బెదిరిపోయాడు. "ఇనుప సామాను లోపలికి తీసుకపోగూడదు. ఇన్ని గరిటెలు యెందుకమ్మా, కొట్లాటా?" అన్నాడు. సత్యవేడు అక్క తన అట్లకాడ ఆయన చేతిలో పెట్టి, "నువ్వే పట్టుకో సామీ. అందురికీ సూపించు," అంది. ఆయన పాపం ఏం చేయాలో తెలీక, దాన్ని పట్టుకుని షిఫ్టు అయ్యేదాకా గేటు ముందు నిలబడ్డాడు. అంతకన్నా మంచి ప్రచారం మాకు ఎవరూ చేయలేదు.

అసలు కష్టం రెండు పేర్ల సంగతి చెప్పడం. ఒకే మనిషి రెండుచోట్ల ఎందుకున్నాడని ప్రతి ఒక్కరూ అడిగేవాళ్ళే. గంజి కాచే ముసలాయనయితే, "అయితే ఆయనకు రెండు జీతాలిస్తారా?" అని పట్టుకున్నాడు. నేను వేళ్ళు మడిచి, గాలిలో గీతలు గీసి, చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. చివరికి సత్యవేడు అక్క క్యాంటీను పెనం దగ్గరికి వెళ్ళి వంటాయన్ని పక్కకు నెట్టి ఒక దోసె పోసింది. అందరినీ పిలిచింది.

"సూడండి. ఈ పక్కనుంచి దీస్తే యే పళ్ళెంలోకి పోతాది?" అని దోసె తీసి పెద్ద మిషనాయన పళ్ళెంలో వేసింది. ఇంకో దోసె పోసింది. "ఆ పక్కనుంచి దీస్తే?" అదీ ఆయన పళ్ళెంలోనే వేసింది. "రెండూ ఆయనకే. కానీ ఈ రెండోది పోసిన చెయ్యి యెవురిదో ఆయనకు గ్యాపకం ఉండల్ల. అంతే!"

పెద్ద మిషనాయన రెండు దోసెలూ తిని, అర్థం కాలేదు మళ్ళీ చెప్పమన్నాడు.

ఆ మధ్యాహ్నమే మావాళ్ళు ఒక నినాదం కట్టారు. "ఆడ గుద్దినా ఆయనకే, ఈడ గుద్దితే బస్సుకే!" పెట్టెలు అతికించే చప్పుడుకు అది బాగా కలిసింది. రెండు రోజుల్లో కుట్టు మిషన్ల వాళ్ళు పట్టుకున్నారు. ఆ తరవాత లోడింగు వాళ్ళు. ఒక రోజు నేను నీళ్ళకోసం వెళుతుంటే గంట వర్గం ఆయన ఒకడు దాన్నే కూనిరాగం తీస్తున్నాడు. నన్ను చూసి టక్కున ఆపి దగ్గాడు.

గంట వాళ్ళు ఊరుకుంటారా? అట్లకాడ మీద గుద్దితే ఓటు చెల్లదని పుకారు లేపారు. మావాళ్ళు కొందరు భయపడ్డారు. పాకాల స్టేషన్లో ఒకామె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నిజంగా చెల్లుతాదా? ఇది గూడా పోతే నేను పని మానేయాల్సిందే. మా ఆయన ఈ నెలదాకా సూస్తానన్నాడు," అంది. నేను పైకి ధైర్యం చెప్పాను. ఆ రాత్రి నాకూ అన్నం సహించలేదు. ఒకవేళ ఓట్లన్నీ తికమకలో చెల్లకపోతే? ఈసారి కూడా మావల్లే గంట గెలిస్తే? మర్నాడు ఎన్నికల సారు క్యాంటీనులో మైకు పెట్టించి, పెద్ద అట్టమీద గీసి అందరికీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయనే, "ఆడ గుద్దినా..." అని మొదలుపెట్టి, తను ఎన్నికల అధికారినన్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండాయి.

ఎన్నికల రోజు ఫ్యాక్టరీకి సెలవు. అయినా పాకాల రైలు దిగి మావాళ్ళంతా పూలు పెట్టుకుని, మంచి చీరలు కట్టుకుని వచ్చారు. క్యాంటీనులో ఓటింగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడే లెక్కింపు. మమ్మల్ని తాడు ఇవతల నిలబెట్టారు. నా చెయ్యి సత్యవేడు అక్క చేతిలో ఉంది. ఆమె నొక్కిన నొక్కుడుకు గాజు ఒకటి చిట్లింది.

అధ్యక్ష పదవి. ముందు గంట ఓట్లు చదివారు. దొంతర బాగానే పెరిగింది. తరవాత తాళంచెవి. దొంతర పెరిగింది, పెరిగింది, ఆగిపోయింది. గంటకన్నా తక్కువ. స్టోర్సాయన మనుషులు ఈలలు వేశారు. ఎవరో బయట టపాకాయ కూడా పేల్చేశాడు. పెద్ద మిషనాయన మీసం కిందికి జారినట్టు కనబడింది.

"ఉండండయ్యా," అన్నాడు ఎన్నికల సారు. "ఇంగా అట్లకాడ ఉండాది."

ఒక్కో కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. అట్లకాడ. అట్లకాడ. మళ్ళీ అట్లకాడ. చదివిన ప్రతిసారీ మావాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఈలలు సన్నబడ్డాయి, తరవాత ఆగిపోయాయి. పాకాల వాళ్ళ సంఖ్య దాటినా దొంతర పెరుగుతూనే ఉంది. కుట్టు మిషన్ల వాళ్ళు వేశారు, లోడింగు వాళ్ళలో కొందరు వేశారు. మా బస్సు ఎక్కే పనే లేనివాళ్ళు కూడా మా బస్సుకోసం గుద్దారు.

మధ్యలో ఒక కాగితం దగ్గర సారు ఆగాడు. దానిమీద తాళంచెవి దగ్గరా ముద్ర, అట్లకాడ దగ్గరా ముద్ర. "రెండుచోట్లా వేసినారు. మనిషికి ఒక్క ఓటు, గుర్తు ఖాతా లేదు," అన్నాడు.

"అది నాదే సార్!" అని తాడు అవతలనుంచి పెద్ద గొంతు వినబడింది. పెద్ద మిషనాయన. "రెండుచోట్లా నా పేరే ఉంటే యేది వదిలేది సార్? మనసొప్పలేదు!"

"రహస్య ఓటయ్యా! నోరు మూసుకో!" అని సారు కేకేశాడు గానీ ఆయన భుజాలు కూడా నవ్వుతో ఎగురుతున్నాయి.

కూడారు. తాళంచెవి, అట్లకాడ కలిపితే గంటకన్నా ఎక్కువ. కొద్దిలోనే, కానీ ఎక్కువ! ఆ తరవాత ఎవరు ఎవరిని పట్టుకుని ఎగిరారో చెప్పలేను. సత్యవేడు అక్క అరవంలో ఏదేదో అరిచింది. భాయ్ తన టోపీ పైకి విసిరితే అది ఫ్యాను మీద పడి తిరుగుతూ ఉండిపోయింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన కూడా లోపలికొచ్చి మాతో చేతులు కలిపాడు.

పెద్ద మిషనాయన బెంచీ ఎక్కాడు. "ఇది తాళంచెవి విజయం!" అని మొదలుపెట్టాడు.

"సార్!" అని సత్యవేడు అక్క కింది నుంచి అరిచింది. "తాళంచెవి ఒక్కదాంతో వాకిలి దెరుచుకోలేదు గదా!"

బోర్డు మీద సుద్దముక్కతో రాసిన లెక్క ఇంకా అలాగే ఉంది. ఆయన దానివైపు చూశాడు. తరవాత మావైపు చూశాడు. "అవును మే," అన్నాడు చిన్న గొంతుతో. ఆయనకు చిన్న గొంతు కూడా ఉందని ఆరోజే తెలిసింది.

ఈ హడావుడిలో నా లెక్కింపు సంగతే మర్చిపోయాను. సహాయ కార్యదర్శి పదవికి అట్లకాడ మీద నాకు ఓట్లు వస్తాయని తెలుసు. తాళంచెవి మీద ఎన్ని పడతాయన్నదే అనుమానం. సారు చదువుతూ పోతుంటే నా చెవులు నేనే నమ్మలేదు. పోయినసారి నా మొహం చూడని మగవాళ్ళు దాదాపు అందరూ నాకు గుద్దారు. గెలిచాను! జీవితంలో నేను గెలిచిన మొదటి ఎన్నిక, చివరి ఎన్నిక కూడా అదే.

జనం పలచబడ్డాక, ఆరోజు క్యాంటీనులో పళ్ళెం తీసుకుని లేచిపోయినాయన నా దగ్గరికొచ్చాడు. తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మే, నేనూ నీకే గుద్దినా," అన్నాడు. "తాళంచెవి మీదేలే. అట్లకాడ మీద గుద్దాలంటే నాకింగా సిగ్గుగా ఉండాది."

నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వాడు. పిల్లలూ, ఈ ఒక్క మాటే గట్టిగా పట్టుకోండి. తన గుర్తు వదలకుండా ఆయన నాకు ఓటు వేయగలిగాడు. మా గుర్తు వదలకుండా మేము ఆయన నాయకుణ్ణి గెలిపించగలిగాం. ఎవరూ ఎవరిలోనూ కరిగిపోలేదు, ఎవరూ ఎవరినీ చెడగొట్టలేదు. విడిగా నిలబడ్డ ఏడాది అందరికీ కానివాళ్ళమయ్యాం. రెండు గుర్తుల పక్కన నిలబడిన ఏడాది అందరికీ కావలసినవాళ్ళమయ్యాం. మేం అదే ఆడవాళ్ళం, అదే గంజి వాసన.

మేనేజరుతో మాటలకు నేనూ వెళ్ళాను. ఏసీ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి కావడంతో ముక్కు కారింది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "పాకాల బస్సు ఎంతమందికి కావాలండీ? చాలా తక్కువమంది కదా," అన్నాడు. స్టోర్సాయన అన్న మాటే, కాస్త మర్యాదగా.

పెద్ద మిషనాయన ముందుకు వంగాడు. ఏం మర్చిపోతాడో అని నేను కుర్చీ అంచుకు జరిగాను.

"సార్, యెంతమందికి కావాల్నో బోర్డు మీద రాసినారు, ఫ్యాక్టరీ అంతా సూసినాది," అన్నాడు. "పాకాల పోయేవాళ్ళు మాత్రమే కాదు, పోనోళ్ళు గూడా గుద్దినారు. వాళ్ళు లేకుంటే ఈ కుర్చీలో ఇప్పుడు స్టోర్సాయన ఉండేవాడు. బస్సు రాకపోతే వచ్చేసారి ఆయనే ఉంటాడు. నాకిది కొత్త కుర్చీ సార్, అప్పుడే లేయలేను."

మాటలు ఆ ఒక్కరోజుతో తెగలేదు. రెండు మూడు సార్లు కూర్చున్నాం. లెక్కలు చూపించారు, తలలు అడ్డంగా ఊపారు, మేమూ ఊపాం. చివరికి తిరుపతి బస్సుల్లో ఒకదాన్ని పాకాల దాకా పొడిగించి, డ్రైవరు రాత్రికి దాన్ని అక్కడే ఆపుకుని పొద్దున మళ్ళీ తెచ్చేటట్టు ఒప్పుకున్నారు. పని మానేసిన దామలచెరువు ఆమెకు నేనే ఫోన్ చేసి చెప్పాను. వెనక పిల్లవాడి ఏడుపు, ఆమె నవ్వు కలిసి వినబడ్డాయి.

మొదటి రోజు సాయంత్రం బస్సుకు అరటి పిలకలు కట్టాం, పూలదండ వేశాం. పెద్ద మిషనాయన మెడలోనూ ఒకటి వేశాం. ఆయన కొబ్బరికాయ కొట్టి, తనూ ఎక్కాడు. ఇల్లు తిరుపతిలోనే, దారిలో దిగిపోతానన్నాడు. దారి పొడుగునా పాటలు, చప్పట్లు. దామలచెరువు ఆమె ముందు సీట్లో కూర్చుని డ్రైవరుకు బూందీ పెడుతోంది. పెద్ద మిషనాయన మీసం తడుముకుంటూ మధ్య సీట్లో రాజులా కూర్చున్నాడు. డ్రైవరు పాకాల మనిషి. ఆ ఉత్సాహంలో టౌనులోకి పోకుండా బైపాసు పట్టేశాడు. ఎవరం గమనించలేదు. కిటికీలోంచి చంద్రగిరి కొండ కనబడగానే పెద్ద మిషనాయన ఎగిరి లేచాడు.

"ఏయ్! నిలుపప్పా! నేను దిగాల్సింది దాటిపోయింది!"

"పాకాలలో దిగుదురు గానీ కూసోండి సార్!" అని బస్సంతా ఒక్క గొంతుతో అంది.

పాకాలలో దిగేసరికి చీకటి పడుతోంది. డ్రైవరు బస్సు ఆపి, తాళం వేసి, వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. పెద్ద మిషనాయన పూలదండ మెడలోనే ఉంచుకుని రోడ్డు మీద నిలబడ్డాడు.

"తిరుపతికి రైలుండాదా మే ఇప్పుడు?"

"పోయింది సార్."

"బస్సు?"

"మెయిన్ రోడ్డు దాకా ఆటో దొరికితే, ఆడ్నుంచి బస్సు దొరకొచ్చు సార్."

"ఆటో యాడ దొరుకుతాది?"

"దొరికేది కష్టమే సార్."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. ఆటో లేదు. మేమందరం చుట్టూ నిలబడి నవ్వు బిగబట్టుకుని ఉన్నాం. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. వాళ్ళావిడ. ఆమె గొంతు కూడా ఆయన గొంతులాంటిదే, స్పీకరు పెట్టకపోయినా మాకందరికీ వినబడింది.

"యాడుండావు?"

"పాకాలలో. బస్సు తెచ్చినాను గదా, అదే నన్ను ఈడికి తెచ్చి పడేసింది. ఇప్పుడు రైలూ లేదు, బస్సూ లేదు, ఆటో గూడా దొరికేట్టు లేదు. నేనింటికి యెట్ల రావల్ల?"

"పాకాల ఆడోళ్ళు ఇన్నాళ్ళూ యెట్ల పోయినారో, అట్లనే రా!"